పాలై సెంట్రల్ బ్యాంకు పతనము

కేరళ దేశమున కొట్టాయము జిల్లాలో మీనచ్చిల్ నది యొడ్డున పాలా యను చిన్న పట్టణము కలదు. ఇంగ్లీషు కాగితములలో దానిని పాలై యని వ్రాసెడివారు. అది తిరువాన్కూరు సంస్థానములో నున్న కాలమున, 1927వ సంవత్సరమున, అచ్చటివారు పాలై సెంట్రల్ బ్యాంకు అను పేర నొక బ్యాంకును స్థాపించిరి. తోటలు వేసికొని బ్రదుకు రైతుల నడుమ పుట్టిన యా బ్యాంకు ముప్పదిమూడేండ్లలో కేరళ రాష్ట్రమున నన్నిటికంటె పెద్ద బ్యాంకయ్యెను. 1960 ఆగస్టు 8వ తేదీ సోమవారమునాడు హైకోర్టు ఉత్తరువుచేత అది మూతపడెను. మరల దాని తలుపులు తెఱవబడలేదు.

మలయాళ దేశపు బ్యాంకు గొడవ తెలుగువారి కేల యని కొందఱు చదువరులు తలపవచ్చును. నేడు మన యింట నెవరి పేరనైనను పాసుపుస్తకము ఉన్నయెడల, ఆ సొమ్మునకు ఒక మేర వఱకు బీమా కలదు. ఆ బీమా శాసనము పుట్టుటకు దగ్గఱి కారణములలో ముఖ్యమైనది పాలా పట్టణమున జరిగిన యీ సంగతియే. నే నెఱిగిన పాసుపుస్తకదారులలో చాలమంది ఆ బీమా పేరైనను వినలేదు. కావున ఈ కథను కొంచెము మొదటినుండి చెప్పవలసియున్నది.

మనుస్మృతిలో వ్యవహారపదములు పదునెనిమిది చెప్పబడినవి. అందు ఋణాదానము మొదటిది, నిక్షేపము రెండవది. ఈ రెంటిని వేఱు వేఱుగా చెప్పుటలో గొప్ప వివేకము కలదు. ఋణముగా నిచ్చిన సొమ్ము పుచ్చుకొన్నవాని దగును. అతడు దానిని తన యిచ్చవచ్చినట్లు వాడుకొని, గడువునకు అంత సొమ్మును వడ్డీతో తీర్చును. నిక్షేపముగా నుంచిన వస్తువు ఉంచినవానిదే. పుచ్చుకొన్నవాడు కావలివాడు మాత్రమే. దానిని రాజు పట్టుకొనిపోయినను, దైవికముగ నశించినను, దొంగలు దోచినను కావలివానిపై దోషము లేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. నిక్షేపములలో మఱియొక భేదము ఉపనిధి. వస్తువును పెట్టెలో పెట్టి, ముద్రవేసి, లోపల నేమున్నదో చెప్పక యొప్పగించుట ఉపనిధి.

మనము బ్యాంకులో వేసిన సొమ్మును 'దాచుకొన్న సొమ్ము' అందుము. మాటను బట్టి చూడగా అది నిక్షేపము. న్యాయమును బట్టి చూడగా అది కాదు. ఫోలీ, హిల్ అను వారి వ్యాజ్యములో ఇంగ్లండునందలి ప్రభువుల సభవారు 1848లో తీర్పు చెప్పుచు, బ్యాంకులో వేసిన సొమ్ము బ్యాంకుదే యనియు, బ్యాంకు ఖాతాదారునకు ఋణస్థుడు మాత్రమే యనియు నిర్ణయించిరి. మన దేశపు న్యాయస్థానములును ఆ సూత్రమునే అనుసరించినవి. ఇందు మేలు లేకపోలేదు. దొంగలు బ్యాంకును దోచినను మన బాకీ తీఱిపోదు. కాని బ్యాంకే కూలినప్పుడు మనము మన పెట్టె తెచ్చుకొనుటకు వచ్చిన యజమానులము కాము. దివాలా యెత్తినవాని వాకిట నిలిచిన అప్పులవారిలో నొకరము.

ఇంకొక చిత్రము గమనింపుడు. ఉపనిధిలో పెట్టెయం దేమున్నదో ఉంచినవానికి తెలియును, పుచ్చుకొన్నవానికి తెలియదు. బ్యాంకులో నిది తలక్రిందులైనది. పెట్టెలో ఏమి మిగిలినదో పుచ్చుకొన్నవానికే తెలియును, ఉంచినవానికి తెలియదు. అప్పిచ్చువాడు ఋణస్థుని యాస్తిపాస్తులను విచారించి యిచ్చుట లోకాచారము. కాని తాను అప్పిచ్చుచున్నానని యెఱుగని గృహస్థుడు దేనిని విచారించును? భవనమును చూచును, డైరెక్టర్ల వంశములను చూచును, పొరుగూరి బ్యాంకుకంటె వడ్డీ ఎంత హెచ్చో చూచును. మేము బడిలో చక్రవడ్డీ లెక్కలు పెక్కులు చెప్పుదుము. అసలు రాకపోవచ్చు నను శంక వానిలో నొక్క లెక్కయందును ఉండదు.

తిరువాన్కూరు, కొచ్చి సంస్థానములు చిన్న బ్యాంకులకు పుట్టినిండ్లు. మిరియములు, కొబ్బరి, తరువాత రబ్బరు అమ్మగా వచ్చిన రొక్కము గ్రామములలో తిరుగుచుండెను. చిట్టీలు కట్టుట అచ్చటి కుటుంబములకు తరతరములుగా అలవాటు. ఆ చిట్టీల నడపినవారే పలుచోట్ల బ్యాంకులు పెట్టిరి. ఒక చర్చికి చెందినవారు, ఒక కులమువారు, ఒక తాలూకావారు తమలో తాము నమ్మి సొమ్ము వేసికొనిరి. ఈ నమ్మకము మనకును క్రొత్తది కాదు. మదరాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీ 1906 అక్టోబరులో దివాలా యెత్తగా దక్షిణదేశమున ఉద్యోగస్థులును, పింఛనుదారులును సొమ్ము పోగొట్టుకొనిరి. దాని యజమాని సర్ జార్జి ఆర్బత్‌నాటునకు 18 నెలల కారాగారశిక్ష పడెను. దొరల కంపెనీలను నమ్మి చెడితిమి గాన మన బ్యాంకు మనకు కావలె నను పట్టుదలతో 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టినది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించుటలోను స్వదేశీయభావమే ప్రధానము. ఆ బ్యాంకు దాదాపు నూఱేండ్లు నిలిచి, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది.

స్వజనులది యగుట మంచి ప్రారంభము; అంతమాత్రమున ఖాతాపుస్తకము బలపడదు. పరాయివాని కియ్యని అప్పును బంధువునకు మొగమోటముచేత నిచ్చుట, పరాయివానిపై వేయు దావాను బంధువుపై వేయకుండుట, స్వజనుల బ్యాంకులకు తఱచుగా వచ్చు వ్యాధి.

తిరువాన్కూరునకు ముందే యొక పెద్ద దెబ్బ తగిలియున్నది. తిరువాన్కూరు నేషనల్ బ్యాంకు, క్విలాన్ బ్యాంకు అను రెండును 1937లో ఏకమై దక్షిణదేశమున నొక మహాసంస్థ యయ్యెను. 1938 జూనులో సొమ్ము వేసినవారు గుంపులుగా వచ్చి అడుగగా అది చెల్లింపులు నిలిపివేసినది. బ్యాంకు పెద్దలకును దివాను సర్ సి. పి. రామస్వామయ్యరుగారికిని గల రాజకీయవైరమే దీనికి మూలమని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. రిజర్వు బ్యాంకు అప్పటికి మూడేండ్ల బిడ్డ. అది ఆదుకొనలేదు. పాలావారి బ్యాంకు ఆ తుపానులో పడిపోక నిలిచినది. నిలిచినందువలన జనులకు దానియందు గౌరవము మఱింత పెరిగి యుండు ననుట వింత గాదు.

1948లో బంగాళమున బ్యాంకులు కూలినప్పుడు, సొమ్ము వేసినవారికి బీమా యుండవలె నను మాట మన దేశమున మొదట పుట్టెను. 1949లో దానిని మరల తలపోసి, రిజర్వు బ్యాంకువారి తనిఖీ యేర్పాట్లు చక్కబడువఱకు ఆగుదమని ప్రక్కన బెట్టిరి. 1950లో గ్రామీణ బ్యాంకింగు విచారణ సంఘమువారు బీమా మంచిదనియే చెప్పిరి. అయినను అది కదలలేదు. 1949నాటి బ్యాంకింగు కంపెనీల శాసనము రిజర్వు బ్యాంకునకు తనిఖీ చేయు నధికార మిచ్చినది. వైద్యుడు వచ్చినాడు గదా, ఇక ఔషధ మేల యన్నట్లయినది.

వైద్యుడు నాడి పట్టి చూడక మానలేదు. 1951 మొదలు పాలై బ్యాంకును రిజర్వు బ్యాంకువారు పలుమాఱులు తనిఖీ చేసిరి. వసూలు కాని బాకీలు పేరుకొనినట్లును, బ్యాంకు ఆస్తులు తఱుగుచున్నట్లును కనుగొనిరి. మాఱుమని సలహాలు చెప్పిరి, షరతులు పెట్టిరి. ఇట్టి రోగము బయటి కేల కనబడదో గృహస్థులు తెలిసికొనుట యవసరము. ఒకడు పదివేలు అప్పు తీసికొని వడ్డీ కట్టలేదనుకొందము. బ్యాంకు గుమాస్తా ఆ వడ్డీని అసలులో చేర్చి, క్రొత్త కాగితము వ్రాయించుకొని, వడ్డీని ఆదాయపు పద్దులో వేయును. చిల్లిగవ్వ రాకయే లాభము వచ్చినట్లగును. ఆ లాభమునుండి వాటాదారులకు డివిడెండు పంచుదురు. పంచునది మాత్రము నిజమైన రొక్కము. అది క్రొత్తగా సొమ్ము వేసినవారిది. ప్రతి యేడును ఆస్తి అప్పుల పట్టిక అచ్చుపడును. అందలి యంకెలన్నియు కూడికకు సరిపోవును.

తనిఖీదారు ఇది కనిపెట్టిన పిమ్మట ఏమి చేయవలెను? బయట పెట్టెనా, మఱునాటి యుదయమున బ్యాంకు వాకిట జనులు క్రిక్కిఱిసి నిలుతురు. బాగుపడదగిన బ్యాంకు సైతము ఆ సాయంకాలమునకు కూలును. ఏలయనగా, ఎంత మంచి బ్యాంకైనను వేసిన సొమ్మంతయు పెట్టెలో నుంచుకొనదు. బయట పెట్టకుండెనా, తెలియనివారు ఆ బ్యాంకులోనే సొమ్ము వేయుచుందురు. రిజర్వు బ్యాంకువారు రెండవదారి త్రొక్కి, తొమ్మిదేండ్లు నడిపిరి. వారు దుర్బుద్ధితో అట్లు చేసిరని నే ననను. కాని ఆ తొమ్మిదేండ్ల మౌనమునకు వెల చెల్లించినవా రెవరు? బ్యాంకు లోగుట్టు తనిఖీదారునకు తెలిసినది 1951లో. 1959లో పంట యమ్మిన సొమ్మును కూతురి పెండ్లికని అచ్చట వేసిన రైతునకు దానిని తెలుపువాడు లేడు. తెలుపగూడదని న్యాయమే యున్నయెడల, అతని నష్టమునకు మఱియొకరు పూచీపడవలెను గదా. ఆ పూచీ 1949లోనే ప్రక్కన బెట్టబడినది.

1960 ఆగస్టు 8న రిజర్వు బ్యాంకువారు కేరళ హైకోర్టునందు అర్జీ దాఖలు చేసిరి. బ్యాంకును ఇక సాగనిచ్చుట సొమ్ము వేసినవారికి హానికరమని రిజర్వు బ్యాంకు విన్నవించినచో, బ్యాంకును మూసి పరిష్కరింపుమని కోర్టు ఉత్తరువు చేయవలసినదే యని శాసనము 38వ విభాగము చెప్పుచున్నది. 'చేయవచ్చును' అని లేదు, 'చేయవలెను' అని యున్నది. కోర్టు ఆనాడే తాత్కాలిక లిక్విడేటరును నియమించెను. బ్యాంకు బాగుగనే యున్నదని నిరూపించుకొను నవకాశము మాకు కోర్టులో లేకపోవుట అన్యాయమని బ్యాంకు పక్షమువారు సుప్రీంకోర్టు వఱకు పోయిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ శాసనము రాజ్యాంగమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పెను. బ్యాంకు స్థితిని లోపల చూచుటకు తగిన నేర్పు గలది రిజర్వు బ్యాంకే యని యీ శాసనపు భావము. మంచిది. ఆ నేర్పు తొమ్మిదేండ్ల ముందే పని చేసియుండిన బాగుండెడిది.

లిక్విడేటరు అనగా మన పల్లెలలో 'రిసీవరు' అని వ్యవహరించు కోర్టు మనిషి వంటివాడు. బ్యాంకు పేరున నున్న సమస్తమును అతని చేతిలోనికి వచ్చును. ఆ దినమునుండి సొమ్ము వేసినవాడు చెక్కు వ్రాసినను చెల్లదు. లెక్కపుస్తకములు చూచి ఎవరికెంత రావలెనో పట్టిక వ్రాయుదురు. బ్యాంకునకు బాకీపడినవారిపై దావాలు వేయుదురు. వాటాల మీద పూర్తిగా సొమ్ము కట్టనివారిని మిగిలినది కట్టుమందురు. తాకట్టు భూములు వేలమునకు వచ్చును. అన్నియు నొక్కసారి వచ్చినచో కొనువారు తక్కువై ధర పడిపోవును. వసూలైనంతలో ఖర్చులు పోను, మిగిలినది రూపాయికి ఇన్ని పైసలని వాయిదాలమీద పంచుదురు. ఇది సంవత్సరములకొలది సాగు పని. ఋణస్థు లందఱును దుర్మార్గులు కారు. నిన్నటివఱకు ఏటేట అప్పు తిరుగవ్రాయించుకొని వ్యాపారము నడుపుకొన్న చిన్న వర్తకుడు నేడు ఉన్నపళముగ తీర్చుమనగా ఎక్కడినుండి తెచ్చును? ఊరి బ్యాంకు మూతపడినప్పుడు దాచుకొన్నవాని సంగతియే అందఱును తలతురు. అప్పు తీసికొన్న కూరగాయలవాని సంగతి ఎవరికిని పట్టదు.

ఇట్టి పరిష్కారములో చిన్నవారికి శాసన మొక చిన్న దయ చూపినది. సేవింగ్సు ఖాతాలో ప్రతివానికిని రూ. 250 వఱకు ముందుగా చెల్లింపవలెను. ఆ పిమ్మట ఇతర ఖాతాలవారికిని అంతవఱకు. రూ. 250 లోపల దాచుకొన్న పనివానికి, పసుపుకుంకుమల సొమ్ము వేసికొన్న వితంతువునకు అది పూర్తి రక్షణ. అంతకు మించి దాచుకొన్నవారు వరుసలో నిలువవలసినదే. మితముగా బ్రదికి ఎక్కువ దాచినవాడే ఎక్కువ కాలము వేచియుండెను. పొదుపును ప్రబోధించు మావంటి ఉపాధ్యాయులకు దీనికి సమాధానము చెప్పుట కష్టము.

పాలై మూతపడగానే కేరళమందలి తక్కిన చిన్న బ్యాంకుల వాకిళ్లలో జనులు చేరిరి. వదంతికి మంచి బ్యాంకు, చెడ్డ బ్యాంకు అను భేదము లేదు. 1960 సెప్టెంబరులోనే పార్లమెంటువారు శాసనమును సవరించి, కుంటువడిన బ్యాంకు చెల్లింపులను కొంతకాలము నిలిపి, దానిని వేఱొక బ్యాంకులో కలిపివేయు మార్గము నేర్పఱచిరి. మూసివేసి ముక్కలు పంచుటకు బదులుగా ఖాతాలను బలవంతుని యింటికి మాఱ్చుట యిది. తిరువాన్కూరు ఫార్వర్డు బ్యాంకు, కొట్టాయము ఓరియంటు బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ న్యూ ఇండియా మొదలైనవి 1961లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కోరులో కలిసిపోయినవి. 1951లో మన దేశమున 566 వాణిజ్యబ్యాంకు లుండగా, 1969నాటికి 89 మాత్రమే మిగిలెను. సొమ్మునకు రక్షణ కలిగిన మాట నిజమే. కాని ఊరివాని తోటను, నాగలిని, నడవడిని ఎఱిగి అప్పిచ్చు మేనేజరు చాలచోట్ల పోయినాడు. ఈ నష్టము ఏ పట్టికలోను వ్రాయబడలేదు.

బీమా సంగతి ఇప్పుడు మరల లేచెను. అదే 1960లో లక్ష్మీ బ్యాంకు అనునదియు కూలెను. 1961 ఆగస్టు 21న పార్లమెంటునందు డిపాజిట్ల బీమా బిల్లు ప్రవేశపెట్టబడి, 1962 జనవరి 1నుండి శాసనము అమలులోనికి వచ్చెను. మొదట 287 బ్యాంకులు అందు చేరినవి. ఒక్కొక్కనికి ఒక్కొక్క బ్యాంకులో రూ. 1,500 వఱకు పూచీ. దానికై బ్యాంకు నూఱురూపాయల డిపాజిటుకు ఏడాదికి 5 పైసలు చందా కట్టవలెను. దాచుకొన్నవాడు కట్టవలసినది ఏమియు లేదు. నూటికి ఐదు పైసల వ్యవహారము పండ్రెండేండ్లు వాయిదాపడి, ఒక పట్టణపు కంట తడి పెట్టించిన తరువాత గాని జరుగలేదు. పాలావారికి దానివలన ఫలము లేదు. వెనుకటి పతనములకు బీమా వర్తింపదు.

బీమా యున్నయెడల జనులు మంచి చెడ్డలు విచారింప రనియు, బ్యాంకులవారు తెగించి అప్పు లిత్తు రనియు ఆక్షేపించువారు కలరు. ఇందు కొంత నిజము కలదు. కాని విచారించుటకు తగిన సమాచారమే ఇయ్యక, విచారింపలేదని నిందించుట ధర్మము కాదు. పైగా అమెరికావారి యనుభవమును చూడుడు. చిన్న ఊళ్ల బ్యాంకులు వారికున్నన్ని మఱి యెవరికిని లేవు. 1933లో నచ్చట సుమారు 4,000 బ్యాంకులు చెల్లింపులు నిలిపినవి. 1934 జనవరి 1నుండి 2,500 డాలర్ల వఱకు బీమా కల్పింపగా, ఆ సంవత్సరమున బీమాలో చేరిన బ్యాంకులలో కూలినవి 9 మాత్రమే. ఇతర కారణములును ఉన్నవి గాని, వాకిట గుంపు గూడుట కుదుటబడినది. అచ్చట బ్యాంకు మూసినప్పుడు బీమా సంస్థయే రిసీవరుగ వచ్చి, చిన్నవారికి ముందు చెల్లించి, వసూళ్ల బరువు తానే మోయును.

మన దేశమున బీమా మేర 1968లో రూ. 5,000, 1970లో రూ. 10,000, 1976లో రూ. 20,000, 1980లో రూ. 30,000, 1993లో రూ. 1,00,000 అయ్యెను. 2001 తరువాత హైదరాబాదు నగరమున కొన్ని పట్టణ సహకార బ్యాంకులు మూతపడినప్పుడు సామాన్యులను ఆదుకొన్నది ఆ లక్ష రూపాయల పూచీయే. 2020 ఫిబ్రవరి 4నుండి అది రూ. 5,00,000. చెల్లింపులపై నిర్బంధము విధించిన బ్యాంకు విషయమున 90 దినములలో బీమా సొమ్ము ముట్టవలెనని 2021లో శాసనమును సవరించిరి. పాలావారి నిరీక్షణతో పోల్చినయెడల ఇది గొప్ప మార్పు.

అయినను గృహస్థులు రెండు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఈ ఐదు లక్షలలో అసలును వడ్డీయు రెండును చేరును. ఒకే బ్యాంకులో ఒకరి పేర వేర్వేఱు శాఖలలో నున్న సొమ్మంతయు కలిపి లెక్కింతురు గాన, శాఖ మాఱ్చినంత మాత్రమున పూచీ పెరుగదు. బ్యాంకు మాఱ్చినచో పెరుగును. వాణిజ్యబ్యాంకులకును సహకార బ్యాంకులకును ఈ బీమా కలదు. మన పల్లెలలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో వేసిన డిపాజిట్లకు లేదు. చిట్టీలకు లేదు. వర్తకుని యొద్ద ప్రామిసరీ నోటుమీద ఉంచిన సొమ్మునకు లేదు.